మనిషికి మాట ఎలా వచ్చింది? బడి బస్సులో పుట్టిన ఒక భాష చెప్పే జవాబు

మనిషికి మాట ఎలా వచ్చిందన్న ఈ ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలున్నాయి: మనిషికి భాష ఎలా వచ్చింది, కోతులకు ఎందుకు రాలేదు, భాష లేకపోతే ఆలోచన ఉంటుందా. మామూలుగా వినిపించే జవాబులు రెండే. "మన గొంతు నిర్మాణం మారింది" అని ఒకటి, "ఒక జీన్ మారింది" అని ఇంకొకటి. రెండూ పూర్తిగా తప్పని అనను కానీ, ఆ దారిన వెళ్తే అసలు విషయం చేయి దాటిపోతుంది.

నేను చదువుకున్నది భాషాశాస్త్రం. ఇరవై ఆరేళ్లు పనిచేసింది మాత్రం చెవి వినపడని పిల్లల బడిలో. చేరిన కొత్తలో అక్కడ ఒక రూల్ ఉండేది: పిల్లలు సైగలు చేయకూడదు, టీచర్ పెదవులు చూసి మాట నేర్చుకోవాలి. నేను బోర్డు మీద "బంతి" అని రాసి, నోరు సాగదీసి పలికి చూపించేదాన్ని. ముందు వరుస పిల్లలు బుద్ధిగా నా పెదవుల వైపే చూసేవాళ్లు. వెనక బెంచీల కింద మాత్రం చేతులు ఆడుతూనే ఉండేవి. చూపుడు వేలితో కుడి కనుబొమ్మ మీద ఒక చిన్న గీత గీసినట్టు చేసే సైగ తరచూ కనిపించేది. అది నా పేరని నాకు మూడు నెలల తర్వాత తెలిసింది. నా కుడి కనుబొమ్మ మీద చిన్నప్పటి దెబ్బ తాలూకు మచ్చ ఉంది. క్లాసు మొత్తం నా గురించి నా కళ్ల ముందే మాట్లాడుకుంటుంటే, వాళ్లకు భాష నేర్పుతున్నానని నేను అనుకుంటున్నాను!

గొంతు సంగతి ముందు చూద్దాం. మనిషి స్వరపేటిక మిగతా కోతి జాతులతో పోలిస్తే కాస్త కిందికి దిగి ఉంటుంది. అందువల్లే మనం ఆ, ఈ, ఊ లాంటి అచ్చుల్ని స్పష్టంగా పలకగలుగుతున్నామని అమెరికా భాషావేత్త ఫిలిప్ లీబర్‌మన్ 1969 నుంచి వాదిస్తూ వచ్చాడు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఇదే ఉండేది. తర్వాత చిక్కులు వచ్చాయి. యూరప్‌లోని మగ ఎర్ర జింకలకు కూడా స్వరపేటిక కిందికే ఉంటుందని తేలింది. అవి అరుస్తాయి, అంతకు మించి ఏమీ లేదు. 2016లో మకాక్ కోతి తింటున్నప్పుడు, అరుస్తున్నప్పుడు ఎక్స్‌రే వీడియో తీసి కొలిస్తే, మాటకు సరిపడా అచ్చులు పలికే వెసులుబాటు దాని నోటికీ గొంతుకూ ఉందని తేలింది. లోటు గొంతులో లేదు, దాన్ని నడిపే మెదడులో ఉంది. ఇంతెందుకు, మన చిలకనే చూడండి. దానికి మన గొంతూ లేదు, పెదవులూ లేవు, అయినా "ఎవరొచ్చారు" అని అడుగుతుంది. చిలకకు మాట ఉంది, భాష లేదు. మా పిల్లలకు మాట లేదు, భాష ఉంది. ఈ రెండూ వేరని ఒప్పుకుంటే ఈ ప్రశ్నలో సగం చిక్కు విడిపోతుంది.

జీన్ కథ ఫాక్స్‌పీ2 అనే జీన్ గురించి. లండన్‌లో ఒక కుటుంబంలో మూడు తరాలుగా దాదాపు సగం మందికి మాట పలకడంలో తీవ్రమైన ఇబ్బంది ఉంది. కారణం ఈ జీన్‌లో లోపమని 2001లో కనుక్కున్నారు. చింపాంజీకీ మనకూ ఈ జీన్ తయారుచేసే ప్రోటీన్‌లో రెండే రెండు అమైనో ఆమ్లాల తేడా. ఇంకేముంది, "భాష జీన్ దొరికింది" అని పత్రికలు రాసేశాయి. కానీ 2007లో, మనకు దగ్గరి చుట్టాలై అంతరించిపోయిన నియాండర్తల్ మనుషుల ఎముకల్లో చూస్తే వాళ్లదీ మనలాగే ఉంది. ఇంకా ఎక్కువ మంది డీఎన్‌ఏతో 2018లో మళ్లీ లెక్కవేస్తే, ఈ జీన్‌ను మన జాతిలో ఈమధ్య కాలంలో ప్రకృతి ప్రత్యేకంగా ఎంచుకున్న గుర్తులు కనబడలేదు. ఇది ముఖ్యమైన జీనే. కానీ దీన్ని భాష జీన్ అనడం, పెట్రోలు పైపు తెగితే కారు ఆగింది కాబట్టి కారంటే పెట్రోలు పైపే అన్నట్టుంటుంది.

కోతులకు నేర్పి చూడలేదా అంటే చూశారు, చాలా ఓపికగా చూశారు. అమెరికాలో ఒక జంట 1940ల చివర్లో విక్కీ అనే చింపాంజీని సొంత బిడ్డలా పెంచితే నాలుగు మాటలు, అవీ అతికష్టం మీద, వచ్చాయి. 1966లో మొదలుపెట్టి వాషో అనే చింపాంజీకి సైగలు నేర్పితే 130 దాకా నేర్చుకుంది. దాంతో కొలంబియా యూనివర్సిటీలో హెర్బర్ట్ టెరేస్ ఇంకా పకడ్బందీగా చేద్దామని 1973లో నిమ్ అనే పిల్ల చింపాంజీని తెచ్చాడు. నిమ్ సైగ చేసిన అతి పొడవైన "వాక్యం" పదహారు సైగలు. తెలుగులో చెబితే దాదాపు ఇలా ఉంటుంది: "ఇవ్వు నారింజ నాకు ఇవ్వు తిను నారింజ నాకు తిను నారింజ ఇవ్వు నాకు తిను నారింజ ఇవ్వు నాకు నువ్వు." మాటల సంఖ్య పెరిగింది కానీ అర్థం పెరగలేదు. వీడియోలు నెమ్మదిగా వేసుకుని చూస్తే, నిమ్ చాలావరకు టీచర్ అప్పుడే చేసిన సైగల్నే తిరిగి చేస్తోందని టెరేస్‌కు అర్థమైంది. 1979లో ఆ మాట తనే ప్రకటించాడు. తన ప్రాజెక్టు ఫెయిలైందని అంత నిజాయితీగా రాసినవాళ్లు తక్కువ.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది నిమ్‌కు ఏం వచ్చు, ఏం రాదు అన్నది కాదు. నిమ్ ఎందుకు సైగ చేసేదన్నది. దాదాపు ప్రతిసారీ ఏదో ఒకటి కావాలి కాబట్టి. ఇప్పుడు ఏడాది వయసు పాపను గుర్తు తెచ్చుకోండి. డాబా మీద గోరుముద్దలు తింటూ చందమామ వైపు వేలు చూపిస్తుంది. చందమామ కావాలని కాదు. "చూశావా?" అని. అమ్మ కూడా చూస్తే చాలు, నవ్వుతుంది. అడవిలో చింపాంజీలు ఇలా ఒకదానికొకటి వేలు పెట్టి చూపించుకోవడం చాలా అరుదు. నువ్వూ నేనూ కలిసి మూడో వస్తువును చూడటం అనే ఈ చిన్న పని భాషకు పునాది అని మనస్తత్వవేత్త మైకేల్ టొమసెల్లో చాలా ఏళ్లుగా చెబుతున్నాడు. నా అనుభవం కూడా అదే. మన తెలుగులో ఆ వేలు ఇంకా అచ్చుల్లో ఉండిపోయింది: ఇది, అది, ఏది. ఇక్కడ, అక్కడ, ఎక్కడ. ఇ అంటే దగ్గరికి, అ అంటే దూరానికి, ఎ అంటే ఎటు చూడాలో చెప్పమని.

అయితే వేలు చూపడం నుంచి వ్యాకరణం దాకా ఎలా వచ్చాం? శిలాజాలు దీనికి జవాబు చెప్పవు. అందుకే 1866లో పారిస్ భాషాశాస్త్ర సంఘం భాష పుట్టుక మీద వ్యాసాలే తీసుకోబోమని నిబంధన పెట్టుకుంది. ఊహలు వినీ వినీ విసుగెత్తి ఉంటారు. పాపం, వందేళ్లు ఆగితే కళ్ల ముందే ఒక భాష పుడుతుందని వాళ్లకేం తెలుసు.

అది నికరాగ్వాలో జరిగింది. 1977కు ముందు ఆ దేశంలో చెవి వినపడని పిల్లలు ఎవరింట్లో వాళ్లే పెరిగేవాళ్లు. ఇంట్లోవాళ్లతో నడిచే కొన్ని సైగలు తప్ప వాళ్లకు భాష లేదు, ఒకరికొకరు తెలియరు. 1977లో రాజధాని మనాగ్వాలో ఒక ప్రత్యేక పాఠశాల పెట్టారు. 1979లో విప్లవం వచ్చాక చదువుల మీద శ్రద్ధ పెరిగి, 1980లో పెద్ద పిల్లలకు వృత్తి విద్యా పాఠశాల కూడా వచ్చింది. 1983 నాటికి రెండింట్లో కలిపి నాలుగు వందల మందికి పైగా చేరారు. క్లాసులో ఏం చెప్పారంటారా? మా బడిలో చెప్పిందే. పెదవులు చూసి స్పానిష్ నేర్చుకోవడం. అది పెద్దగా ఎక్కలేదు. కానీ బస్సులో, ఆటస్థలంలో పిల్లలు ఎవరింటి సైగలు వాళ్లు తెచ్చి కలిపేశారు. పిల్లలు ఏదో మాట్లాడుకుంటున్నారు, తమకు మాత్రం అర్థం కావడం లేదని టీచర్లు గమనించారు. 1986లో జూడీ కెగ్ల్ అనే అమెరికా భాషావేత్తను పిలిపించారు. పెద్ద పిల్లల సైగలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. వాళ్ల తర్వాత చేరిన చిన్న పిల్లల సైగలు వేగంగా, పద్ధతిగా, నియమాలతో ఉన్నాయి. ఆ నియమాలు వాళ్లకు నేర్పినవాళ్లెవరూ లేరు.

ఇక్కడ ఒక ప్రయోగం కాస్త దగ్గరగా చూపిస్తాను. ఆన్ సెంగాస్, ఆమె సహచరులు 2004లో ప్రచురించారు. ఒక కార్టూన్ చూపించారు. అందులో పిల్లి ఒక బౌలింగ్ బంతిని (క్రికెట్‌ది కాదు, నేల మీద దొర్లించి ఆడే పెద్ద బరువైన బంతి) మింగేసి, ఏటవాలు వీధిలో దొర్లుతూ కిందికి పోతుంది. దీన్ని సైగలతో చెప్పమన్నారు. స్పానిష్ మాట్లాడేవాళ్లు మాట్లాడుతూ చేసే సైగలో చెయ్యి గుండ్రంగా తిరుగుతూనే కిందికి జారుతుంది. రెండూ ఒకే కదలికలో. మొదటి తరం పిల్లలు, అంటే అప్పటికి పెద్దవాళ్లు, ఎక్కువగా అలాగే చేశారు. చిన్నప్పుడే చేరిన తర్వాతి తరాలవాళ్లు మాత్రం దాన్ని విరగ్గొట్టారు. ముందు "దొర్లు" అని ఒక సైగ, తర్వాత "కిందికి" అని ఇంకో సైగ.

ఇది వెనకడుగులా అనిపిస్తుంది. నిజంగా జరిగింది ఒకే కదలిక కదా, దాన్ని ఉన్నదున్నట్టు చూపించడం మానేసి ముక్కలు చేయడమెందుకు? కానీ తెలుగులో మీరు ఎలా చెబుతారో చూసుకోండి: "దొర్లుకుంటూ కిందికి పోయింది." మనమూ విరగ్గొట్టేశాం. ముక్కలు చేతిలో ఉంటే "దొర్లుకుంటూ పైకి", "గెంతుకుంటూ కిందికి", "గెంతుకుంటూ ఇంట్లోకి" అని చూడనివి, జరగనివి కూడా చెప్పొచ్చు. బొమ్మ గీసేవాడికి బొమ్మలోని వస్తువే దొరుకుతుంది. ముక్కలు ఉన్నవాడికి ప్రపంచమంతా దొరుకుతుంది. ఆ ఒక్క విరుపు నా దృష్టిలో సైగకూ భాషకూ మధ్య గడప. దాన్ని దాటింది పెద్దవాళ్లు కాదు, చిన్న పిల్లలు. పదేళ్లు దాటాక చేరినవాళ్లు ఆ తర్వాత ఎన్నేళ్లు అదే భాషలో బతికినా అంత బాగా పట్టుకోలేకపోయారు.

దీన్ని చూసి "వ్యాకరణం పుట్టుకతోనే మెదడులో ఉంది" అనేవాళ్లున్నారు. అమెరికా భాషావేత్త నోమ్ చామ్‌స్కీ అయితే, మాటల్ని ఒకదానిలో ఒకటి కలిపే సామర్థ్యం ఒక్క మార్పుతో, ఇంచుమించు ఒక్కసారిగా వచ్చిందంటాడు. నాకది అంతగా రుచించదు. 2008లో సైమన్ కిర్బీ, అతని సహచరులు ఒక ప్రయోగం చేశారు. కదిలే రంగురంగుల ఆకారాలకు అర్థంపర్థం లేని పేర్లు పెట్టి ఒకరికి నేర్పారు. ఆ నేర్చుకున్న మనిషి గుర్తున్నంతవరకు చెప్పింది తర్వాతి మనిషికి పాఠం. అలా పది మంది వరస. వేర్వేరు బొమ్మలకు ఒకే పేరు రాకుండా మాత్రం చూసుకున్నారు. చివరికొచ్చేసరికి పేర్లలో ఒక ముక్క రంగుకు, ఒక ముక్క ఆకారానికి, ఒక ముక్క కదలికకు స్థిరపడ్డాయి. కావాలని చేసినవాళ్లు ఒక్కరూ లేరు. తమకు ముందు వేరేవాళ్లు ఉన్నారని కూడా వాళ్లకు తెలియదు. నేర్చుకునే మెదడుకు చోటు తక్కువ, చెప్పాల్సింది ఎక్కువ. ఆ ఇరుకులో ముక్కలుగా విరిగేదే నిలబడుతుంది.

పిల్లల్ని భాష లేకుండా పెంచి చూద్దామని రాజులు కూడా ప్రయత్నించారు. మన దేశంలో అక్బర్ చేశాడు. కొందరు పసిపిల్లల్ని ఒక ఇంట్లో ఉంచి, దాదులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదన్నాడు. 1582లో వెళ్లి చూస్తే మూగవాళ్ల అరుపులు తప్ప మాట వినిపించలేదట. ఆ ఇంటికి గుంగ్ మహల్ అని పేరుపడింది. దీన్ని చదివినప్పుడల్లా నాకొక అనుమానం. వచ్చినవాళ్లు చెవులు రిక్కించి ఉంటారు. వాళ్లలో ఒక్కరైనా ఆ పిల్లల చేతుల వైపు చూశారా?

ఇక ఆలోచన సంగతి. భాష లేకపోతే ఆలోచన లేదన్నది నిజం కాదు. పక్షవాతంతో భాష దాదాపు పూర్తిగా పోయినవాళ్లలో కొందరు లెక్కలు చేయగలరు, చదరంగం ఆడగలరు. కానీ కొన్ని రకాల ఆలోచనలకు భాష మెట్టు వేస్తుంది. దీనికీ నికరాగ్వాయే సాక్ష్యం. జెన్నీ పయర్స్, సెంగాస్ కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన ఇది. మనకు బాగా తెలిసిన కథలాంటిదే: ఒకడు వస్తువు ఒకచోట పెట్టి వెళ్తాడు, వాడు లేనప్పుడు ఇంకొకడు దాన్ని మారుస్తాడు. మొదటివాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మామూలుగా నాలుగైదేళ్ల పిల్లలు "పెట్టినచోటే" అని చెప్పేస్తారు. బొమ్మలతో ఇదే పరీక్ష పెడితే, నికరాగ్వా మొదటి తరంవాళ్లలో చాలామంది తడబడ్డారు. ఇరవై దాటినవాళ్లు, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్లు! వాళ్ల భాషలో "అనుకోవడం", "తెలియడం" లాంటి సైగలు చాలా తక్కువ. రెండో తరం టీనేజీ పిల్లలకు ఆ సైగలున్నాయి, పరీక్షా తేలిగ్గా దాటారు. రెండేళ్ల తర్వాత చూస్తే పెద్దవాళ్లు కూడా ఆ సైగలు నేర్చుకున్నారు, జవాబులూ మెరుగయ్యాయి. ముందు మాట వచ్చింది, ఆ వెనకే ఆ చూపు వచ్చింది.

ఇక్కడ కాస్త జాగ్రత్త. 2016లో చింపాంజీలకు, బోనోబోలకు, ఒరాంగుటాన్లకు ఇలాంటి కథే వీడియోలో చూపించి కళ్ల కదలిక కొలిస్తే, మనిషి పొరపాటుగా ఎక్కడ వెతుకుతాడో అక్కడికే వాటి చూపు ముందుగా వెళ్లింది. అంటే ఎదుటివాడి మనసు పసిగట్టే విత్తనం భాషకంటే చాలా పాతది. దాన్ని బయటికి తీసి, పేరు పెట్టి, ఇంకొకరితో చర్చించే వీలు ఇచ్చింది మాత్రం భాష.

ఈ "అనుకోవడం" మాటలు ఎక్కడినుంచి వస్తాయో తెలుసుకోవడానికి నికరాగ్వా దాకా వెళ్లక్కర్లేదు. తెలుగులో "అని" అనే మాట చూడండి. అది "అను" క్రియ నుంచి వచ్చింది, అంటే నోటితో పలకడం. "పులి అని అరిచాడు" అన్నప్పుడు నిజంగానే పలికాడు. "పులి వచ్చిందని భయపడ్డాడు" అన్నప్పుడు పలికాడో లేదో తెలియదు. "వాన పడుతుందని గొడుగు పట్టుకెళ్లాడు" అన్నప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. ఆ మాట వాడి నోట్లో లేదు, తలలో ఉంది. నోటికి సంబంధించిన క్రియ అరిగి అరిగి, ఒకరి మనసులోని వాక్యాన్ని ఇంకో వాక్యంలో కుట్టే సూదిగా మారింది. "అట" కూడా ఆ కుటుంబమే. "వస్తాడట" అన్నామంటే ఈ సంగతి నా కళ్లతో చూడలేదు, పూచీ నాది కాదు అని ఒక్క ముక్కలో తప్పుకున్నట్టు. మన వీధి అరుగుల మీద సగం వ్యవహారం ఈ "అట" మీదే నడుస్తుంది. ఎక్కడా ఎవరూ కూర్చుని వ్యాకరణం కనిపెట్టలేదు. వాడి వాడి అరిగిన మాటలే వ్యాకరణమయ్యాయి.

అరుగు అంటే గుర్తొచ్చింది. భాష ఎందుకు అవసరమైందన్న దానికి బ్రిటిష్ మానవశాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్ చెప్పే కారణం మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. కోతులు ఒకదానికొకటి పేలు చూసుకుంటూ స్నేహాలు నిలబెట్టుకుంటాయి. గుంపు పెరిగితే అందరికీ పేలు చూసే టైమ్ ఉండదు. కబుర్లయితే ఒకేసారి ముగ్గురు నలుగురితో చెప్పుకోవచ్చు. మన ఊళ్లలో ఆడవాళ్లు రెండూ ఒకేసారి చేసేవాళ్లు, అది వేరే సంగతి. ఇదొక్కటే కారణమంటే నేను ఒప్పుకోను కానీ, భాషలో ఎక్కువ భాగం సాటి మనుషుల గురించే అన్నది మాత్రం నిజం.

ఎప్పుడు జరిగిందంటారా? హోమో సేపియన్స్ ఎముకలు మొరాకోలో సుమారు 3,00,000 ఏళ్ల నాటివి దొరికాయి. దక్షిణాఫ్రికాలోని బ్లాంబోస్ గుహలో అడ్డగీతలు చెక్కిన ఎర్రమట్టి రాయి, గవ్వల పూసలు సుమారు 75,000 ఏళ్ల నాటివి. మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, దాదాపు 74,000 ఏళ్ల క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలి ఎగిరొచ్చిన బూడిద పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. అంత విపత్తు తర్వాత కూడా ఇంచుమించు అదే పనితనం కొనసాగింది. అవి చేసింది మన జాతివాళ్లేనా కాదా అన్నదాని మీద వాదన ఉంది. అలా రాయి చెక్కడం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోవాల్సిందే. నేర్పేటప్పుడు వేలు చూపించారా, మాట్లాడారా అన్నది రాయి చెప్పదు. అందుకే "70,000 ఏళ్ల క్రితం ఒక్కసారిగా భాష వచ్చింది" అని ఎవరైనా ఖచ్చితంగా చెబితే కొంచెం తగ్గించి వినండి. చేతి సైగ ముందా, నోటి మాట ముందా అన్నది కూడా ఇంకా తెగని తగువే. నేను రెండూ కలిసే పెరిగాయనుకునే పక్షం. ఫోన్లో మాట్లాడుతూ కూడా చేతులు తిప్పుతాం కదా, అవతలివాళ్లకు కనబడకపోయినా.

మా బడిలో సైగలు వద్దన్న రూల్ తర్వాత పోయింది. పాత పిల్లలు వెళ్లిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు. నా పేరు కూడా మారుతూ వచ్చింది. మొదట కనుబొమ్మ మీద నిదానంగా గీసేవాళ్లు. కొన్నేళ్లకు వేలు కనుబొమ్మను తాకడం మానేసింది. ఇంకొన్నేళ్లకు కణత పక్కన గాల్లో చిన్న విసురు మాత్రమే మిగిలింది, "టీచర్" సైగతో కలిపేసి. రిటైరయ్యే ఏడాది ఒకటో తరగతి పాప ఒకతి నా దగ్గరకొచ్చి ఆ విసురు చేసి, మీ పేరు ఇలా ఎందుకు అని అడిగింది. నేను కనుబొమ్మ మీద మచ్చ చూపించాను. అది దగ్గరగా వంగి మచ్చను చూసింది, నా పేరు సైగను ఇంకోసారి చేసుకుని చూసింది, రెంటికీ సంబంధం ఏమిటో అర్థం కాలేదన్నట్టు తల అడ్డంగా ఊపి ఆడుకోవడానికి పరుగెత్తింది.